సొంత పుస్తకానికి ప్రచారం ఖర్చు: బరంపురంలో ఉండి ఏది పెట్టాలి, ఏది వద్దు

పుస్తకం అచ్చయి వచ్చిన మొదటి వారం పండగలా ఉంటుంది. రెండో వారానికి మంచం కింద పెట్టిన కట్టలు ఊడ్చేటప్పుడు చీపురుకి తగలడం మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోన్ చేసి, "మేడం, మీ పుస్తకానికి ప్రమోషన్ చేస్తాం, ప్యాకేజీలు మూడు రకాలున్నాయి" అంటారు. వాళ్ళకి నంబరు ఎలా దొరుకుతుందో నాకు ఇప్పటికీ తెలీదు.

నావి రెండు కథల పుస్తకాలు, రెండూ సొంత డబ్బుతో వేసుకున్నవే. మొదటిదాని ప్రచారానికి చేతికి వచ్చినట్టు ఖర్చు పెట్టాను, రెండోదానికి లెక్క రాసుకుంటూ పెట్టాను. ఈమధ్య మన ఒడిశా వైపు బరంపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి ముగ్గురు నలుగురు "అక్కా, ప్రచారానికి డబ్బు పెట్టమంటావా వద్దా" అని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. హైదరాబాదు రచయితలకి ఇందులో కొన్ని పనికిరావు, వాళ్ళ ఇబ్బందులు వేరు.

రచయిత సొంత డబ్బు పెట్టడం నామోషీ అనుకునేవాళ్ళకి ముందు ఒక మాట. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు సవర గిరిజన పిల్లల బడులకి జేబులో డబ్బు పెట్టిన మనిషి. అంతకు ముందు కాలంలో కవులు రాజుల్ని వెతుక్కుని కృతిని అంకితమిచ్చేవారు, అదీ ఒకరకం స్పాన్సర్‌షిప్పే కదా. కాబట్టి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. ఆ డబ్బు ఎటు పోతోందన్నదే చూసుకోవాలి.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

ఒక కాపీ మీద మీకు మిగిలేది ఎంత? ఇది తెలియకుండా ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వకండి. నా మొదటి పుస్తకం 160 పేజీలు, 500 కాపీలు, అచ్చుకి కాపీకి 90 రూపాయలు పడింది, ధర 180 పెట్టాను. షాపు ద్వారా అమ్మితే నన్ను నలభై శాతం కమిషన్ అడిగారు. అంటే చేతికి వచ్చేది 108, అచ్చు ఖర్చు తీసేస్తే మిగిలేది 18. ఈ 18 రూపాయల మీద పదివేల ప్రచారం ఖర్చు రాబట్టాలంటే 556 కాపీలు అమ్మాలి. నా దగ్గరున్నవే 500! అదే పాఠకుడికి నేనే పోస్టులో పంపితే, కవరు, పోస్టేజీ కలిపి ఓ 35 పోగా 55 మిగులుతుంది, అప్పుడు 182 కాపీలు చాలు. పోస్టేజీ పాఠకుడే పెట్టుకుంటే 112. ప్రచారం అదే, ఖర్చు అదే, పుస్తకం ఏ దారిన వెళ్తుందన్న దాన్ని బట్టి లెక్క ఇంత మారిపోతుంది.

విన్నవాడికి పుస్తకం ఎక్కడ దొరుకుతుంది? మన వైపు అసలు చిక్కు ఇదే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మనం ఇటు ఉండిపోయాం, తెలుగు పుస్తకాల షాపులు అటు ఉండిపోయాయి. బరంపురం బజార్లో పంచాంగం అడిగితే ఇస్తారు, వ్రతకథలు ఇస్తారు, కొత్త కథల పుస్తకం అడిగితే షాపాయన మనల్ని ఎగాదిగా చూస్తాడు. అలాంటి చోట పోస్టర్ వేసి ఏం లాభం? చూసినవాడు కొందామనుకున్నా చెయ్యి చాచి తీసుకునే చోటు లేదు.

మీ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళెంతమంది, చదివేవాళ్ళెంతమంది? ఈ రెండూ ఒకటే అనుకుని నేను దెబ్బతిన్నాను. మా వీధిలో సగం ఇళ్ళలో తెలుగే. కానీ ముప్ఫై ఏళ్ళలోపు పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకున్నారు, తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతారు, కొందరికి అదీ రాదు. వాళ్ళకి నా మీద ప్రేమ ఉంది, పోస్టు పెడితే లైకు కొడతారు, పుస్తకం మాత్రం వాళ్ళ అమ్మకో మామ్మకో కొనాలి.

ఆ డబ్బు పోయినా ఫరవాలేదా? ప్రచారానికి పెట్టింది తిరిగి రాదనుకునే పెట్టాలి. ఎల్‌ఐసీ మెచ్యూరిటీ డబ్బుతోనో, అప్పు తెచ్చో పెట్టే ఆలోచన ఉంటే మిగతాది చదవక్కర్లేదు, వద్దు.

## ఆవిష్కరణ సభ

అందరం మొదట చేసేది ఇదే. నా సభకి హాలు, మైకు, బ్యానరు, అయిదుగురికి శాలువాలు, జ్ఞాపికలు, ముఖ్య అతిథికి విశాఖ నుంచి రానూపోనూ టిక్కెట్లు, ఫొటోలు, ఉప్మా, మైసూర్‌పాకు, కాఫీ అన్నీ కలిపి 14,600 అయింది. అతిథి గారు ముప్పావుగంట మాట్లాడారు, అందులో నా కథల గురించి ఎనిమిది నిమిషాలు (మా అబ్బాయి లెక్కపెట్టాడు). అమ్ముడైనవి 31. ఆ కొన్నవాళ్ళలో మా చుట్టాలు, స్కూల్లో నాతో పనిచేసినవాళ్ళు, మా ఆయన ఆఫీసు స్నేహితులు ఉన్నారు. సభ పెట్టకుండా ఇంటికెళ్ళి ఇచ్చినా కొనేవాళ్ళే.

లెక్క చూసి మా ఆయన, "దీన్ని పుస్తకం ఖర్చులో రాయకు, శుభకార్యాల ఖాతాలో రాయి" అన్నారు. నాకు అప్పుడు కోపం వచ్చింది గానీ ఆ మాట నిజం. సభ పెట్టుకోండి, జీవితంలో ఒక్కసారి మన పేరు బ్యానరు మీద చూసుకుంటే తప్పేం లేదు, కాకపోతే దాన్ని ప్రచారం అనుకోకండి. ఎలాగూ పెట్టాలనుకుంటే శాలువాలు తగ్గించి, తలుపు దగ్గరే ఒక బల్ల వేసి, క్యూఆర్ కోడ్ పెట్టి, చిల్లరతో ఒక మనిషిని కూర్చోబెట్టండి. మా సభలో పుస్తకాల కట్ట స్టేజీ వెనకాల ఉండిపోయింది. వెళ్ళేవాళ్ళు మైసూర్‌పాకు తిని వెళ్ళిపోయారు.

## ప్రమోషన్ ప్యాకేజీ

నా మొత్తం ఖర్చులో ఎక్కువ బాధ పెట్టింది ఇదే. ఒక సెల్ఫ్ పబ్లిషింగ్ కంపెనీకి, పేరెందుకులెండి, 18,000 కట్టాను. వాళ్ళు ఇస్తామన్నవి: ఆన్‌లైన్‌లో లిస్టింగ్, సోషల్ మీడియా పోస్టులు, పత్రికా ప్రకటన, "రచయిత ఇంటర్వ్యూ", ఒక సర్టిఫికెట్. వచ్చినవి ఆరు బొమ్మలు. వాటిలో రెండిట్లో నా పుస్తకం పేరు తప్పుగా ఉంది, ఒత్తులు విడిపోయి అక్షరం పక్కన అక్షరం నిలబడ్డాయి. తెలుగు చదవడం వచ్చిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కరూ లేరని అప్పుడు అర్థమైంది. ఇంటర్వ్యూ అంటే పది ప్రశ్నలు మెయిల్ చేసి, నా జవాబుల్ని వాళ్ళ పేజీలో పెట్టుకోవడం. ఆ దారిన అమ్ముడైనవి తొమ్మిది కాపీలు.

అన్ని కంపెనీలూ ఇలాగే ఉంటాయని అనను. పుస్తకం పేజీలు పెట్టించుకోవడం, అచ్చు, కవరు లాంటి పనులకి వాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చు, అడిగినప్పుడు అన్నే కాపీలు వేసిచ్చే పద్ధతి మనలాంటి తక్కువ కాపీల వాళ్ళకి మంచిదే కూడా. ప్రచారం భాగం మాత్రం విడిగా అడగండి. ఏ తేదీకి ఏం చేస్తారు, ఏ పేజీలో పెడతారు, ఆ పేజీని తెలుగువాళ్ళు ఎంతమంది చూస్తారు, మీ పాత తెలుగు రచయితలు ఇద్దరి నంబర్లు ఇవ్వండి. ఈ చివరిది అడగ్గానే చాలా ఫోన్లు కట్ అవుతాయి.

ఇంకొకటి, ఐఎస్‌బీఎన్‌కి (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) డబ్బు అడిగితే జాగ్రత్త. మన దేశంలో దాన్ని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, మనమే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికే వేలు లాగేవాళ్ళు మిగతావాటికి ఎంత లాగుతారో మీరే ఊహించుకోండి.

## ఫేస్‌బుక్ యాడ్

3,000 పెట్టాను, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,540. లైకులు కుప్పలుగా వచ్చాయి, రెండు రోజులు ఫోన్ పట్టుకునే కూర్చున్నాను. ఆర్డర్లు పదకొండు.

తప్పు యాడ్‌ది కాదు, నాది. బరంపురం చుట్టూ ఉన్నవాళ్ళకి చూపించమని పెట్టాను. చూసినవాళ్ళలో ఒడియావాళ్ళే ఎక్కువ, ఆపైన చదవడం రాని మన పిల్లలు. పోనీ భాష తెలుగు అని పెడదామంటే, మనవాళ్ళ ఫోన్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఆర్డరు పెట్టిన పదకొండు మందిలో తొమ్మిదిమంది బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నవాళ్ళు, ఇటువైపు నుంచి వెళ్ళినవాళ్ళు, "మా అమ్మమ్మది గంజాం జిల్లా అండీ" అన్నవాళ్ళు. మీ పుస్తకంలో మన ఊళ్ళు, మన భాష ఉంటే యాడ్‌ని వాళ్ళు ఉన్న చోట చూపించండి. ముందు ఓ అయిదొందలు పెట్టి చూసి, ఆర్డరు వస్తేనే పెంచండి. బూస్ట్ బటన్ నొక్కగానే దుకాణం తెరుచుకుంటుందనుకుంటే మాత్రం కష్టం.

## రివ్యూ కాపీలు పోస్టులో పంపడం

రెండో పుస్తకానికి నేను ఎక్కువ నమ్ముకున్నది ఇదే. నలభై కాపీలు పంపాను. సగం పత్రికలకి, విమర్శ రాసేవాళ్ళకి, మిగతా సగం ఏ హోదా లేకపోయినా బాగా చదివి నలుగురికి చెప్పే అలవాటున్న మామూలు పాఠకులకి. ప్రతి దాంట్లో చేత్తో రాసిన నాలుగు లైన్లు పెట్టాను: ఫలానా కథ ముందు చదవండి, ఎందుకంటే అది పర్లాకిమిడి రైలు గురించి, అలాగ.

అచ్చు ఖర్చుతో కలిపి 5,000 అయింది. పత్రికల్లో నాలుగు సమీక్షలు వచ్చాయి, వాటిలో ఒకటి తిట్టింది, దానివల్లే ఎక్కువమంది అడిగారు అనిపిస్తుంది. ఏడెనిమిది నెలల్లో 62 ఆర్డర్లు ఈ దారిలో వచ్చాయని లెక్క తేలింది, ఫోన్ చేసిన ప్రతివాళ్ళనీ "ఎక్కడ చూశారండీ" అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాను కాబట్టి.

పోస్టు సంగతి తెలుసుకోండి, డబ్బు మిగులుతుంది. తపాలా శాఖ 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి పెట్టింది, పుస్తకాలకే. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోల దాకా 100, పన్ను అదనం. నా పుస్తకం 220 గ్రాములు, హాయిగా సరిపోయింది. పుస్తకం మీద ముద్రించినవాళ్ళ పేరో ప్రచురించినవాళ్ళ పేరో ఉండాలి, పత్రికలు, ప్రకటనల కాగితాలు ఒప్పుకోరు. రైలు, రోడ్డు మీద వెళ్తుంది కాబట్టి ఆలస్యం అవుతుంది, అవనీయండి, కథలు ఇడ్లీపిండి కాదు పులిసిపోవడానికి. మొదటిసారి నలభై కవర్లు గోనెసంచిలో మోసుకెళ్ళి కౌంటర్లో పెడితే అక్కడి అమ్మాయి నన్నూ సంచినీ చూసి, ఒడియాలో "అన్నీ ఒకే పుస్తకమా?" అని అడిగింది. అవునన్నాను. "ఎవరు రాశారు?" నేనే అన్నాను. లైన్లో వెనకవాళ్ళు గొణుగుతున్నా వినకుండా ఒక కవరు లోపలికి తొంగిచూసి, తర్వాత నలభై స్టిక్కర్లూ తనే అంటించింది.

మీరే ప్రచురించుకుంటే చట్టం ప్రకారం పంపాల్సిన కాపీలు కూడా ఉన్నాయని మర్చిపోకండి: 1954 చట్టం కింద కోల్‌కతా నేషనల్ లైబ్రరీకీ, చెన్నై, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ ముప్ఫై రోజుల్లో ఒక్కోటి. ఈ నాలుగూ మొదటే పక్కన పెట్టేయండి.

## పుస్తక ప్రదర్శన

విజయవాడలో ప్రతి జనవరి మొదట్లో, హైదరాబాదులో మామూలుగా డిసెంబరులో జరుగుతాయి. సొంతంగా స్టాలు తీసుకునే మాట ఎత్తకండి, ఒక్క పుస్తకానికి అది తలకు మించిన భారం. ఒక చిన్న ప్రచురణకర్తని బతిమాలి ర్యాకులో చోటు అడిగాను, అమ్మిన కాపీ మీద వాటా తీసుకునే లెక్కన ఒప్పుకున్నారు. సాయంత్రం బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విజయవాడ. స్లీపర్లో 40 కిలోల సామాను ఉచితం, 150 కాపీలు 33 కిలోలు, కాబట్టి మీ చీరలకీ కాస్త చోటుంటుంది.

మూడు రోజులు నిలబడ్డాను, 47 అమ్మాను, టిక్కెట్లు, లాడ్జి, తిండి కలిపి 4,200. కాళ్ళు వాచిపోయాయి. ర్యాకులో పెట్టేసి టీకి వెళ్తే ఒక్కటీ కదల్లేదు. పక్కన నిలబడి "బరంపురం కథలండీ" అంటే మాత్రం ఆగేవారు. "అక్కడ తెలుగువాళ్ళున్నారా?" అని అడగనివాడు లేడు, ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే నా ప్రచారం అయిపోయింది. మొహమాటం ఎక్కువున్నవాళ్ళకి ఈ దారి నరకం, ముందే చెప్తున్నాను.

## డబ్బిచ్చి రివ్యూలు, ఎంట్రీ ఫీజు అవార్డులు

వద్దు. డబ్బిచ్చి రాయించిన రివ్యూల్ని అమెజాన్ ఒప్పుకోదు, తీసేస్తుంది. డబ్బు తీసుకుని వీడియో చేసేవాళ్ళు అది ప్రకటన అని చెప్పాలని 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) నియమం ఉంది, చెప్పకపోతే మాట పడేది మనం కూడా. ఎంట్రీ ఫీజు కట్టించుకుని కట్టినవాళ్ళందరికీ ఇచ్చే బిరుదులు ఎవరు నమ్ముతారు?

## డబ్బు లేకుండా

బరంపురం అప్పడాలు, పచ్చళ్ళు అమ్మే ఇళ్ళకి వెళ్ళారా? కొంటామో లేదో చెప్పకముందే ఒక గరిటె కొస మీద పచ్చడి చేతిలో వేస్తారు. నాకు తెలిసిన ప్రచారంలో అదే గొప్పది. ఒక కథని పూర్తిగా వాట్సాప్‌లో పంపండి, ముక్క ముక్కలుగా ఊరించకండి. చదవడం రాని మన పిల్లల కోసం మీ గొంతుతో చదివి రికార్డు చేసి పంపండి. నేను పంపిన పన్నెండు నిమిషాల ఆడియో మా అమ్మ తరఫు వాళ్ళ గ్రూపుల్లో తిరిగి తిరిగి నాకే వచ్చింది, "ఎవరో బాగా చదివారు, విను" అంటూ. దాన్ని విని ఎన్ని కొన్నారో లెక్క దొరకలేదు, అందుకే కింద పట్టికలో లేదు.

## నా లెక్క ఒక్కచోట

| దారి | ఖర్చు (రూ.) | అమ్మినవి | ఒక్కో కాపీకి ప్రచారం ఖర్చు |
|---|---|---|---|
| ఆవిష్కరణ సభ | 14,600 | 31 | 471 |
| ప్యాకేజీ | 18,000 | 9 | 2,000 |
| ఫేస్‌బుక్ యాడ్ | 3,540 | 11 | 322 |
| రివ్యూ కాపీలు | 5,000 | 62 | 81 |
| పుస్తక ప్రదర్శన | 4,200 | 47 | 89 |

కాపీకి నేరుగా అమ్మితే 55 మిగులుతుందన్నాను కదా, అంటే ఈ అయిదింట్లో ఏదీ లాభం కాదు. కింది రెండూ భరించగల నష్టం, అంతే. అవి రెండూ పుస్తకాన్ని ఒక మనిషి చేతిలోకి చేర్చే పనులు, పైవన్నీ చప్పుడు. షాపులు లేని మన వైపు చప్పుడుకి డబ్బు పెట్టడం గాలికి పోగొట్టుకోవడమే అన్నది నా పట్టుదల, కాదనేవాళ్ళుంటే వాళ్ళ లెక్క చూపించమంటాను.

## మీరు ఎవరు?

మొదటి కవితా సంపుటి వేస్తున్నవాళ్ళు. ప్రచారానికి పైసా వద్దు. అసలు 500 కాపీలే వద్దు, 150 వేయండి. కవిత్వం పుస్తకాలు చాలావరకు కవుల మధ్యే తిరుగుతాయి, వాళ్ళు కొనరు, మార్చుకుంటారు. మిగిలిన డబ్బుతో పోస్టులో పంచేయండి.

రిటైరయ్యాక ఊరి చరిత్రో కుటుంబ చరిత్రో రాసినవాళ్ళు. మీ పాఠకులు ఎవరో మీకు పేర్లతో సహా తెలుసు. సభ కూడా మీకు మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే పుస్తకంలో ఉన్నవాళ్ళే సభకి వస్తారు, తాతగారి పేరు వచ్చిన పేజీ కోసం ఇంటికి రెండు కాపీలు కొంటారు. ఊరొదిలి వెళ్ళినవాళ్ళకి చూపించే చిన్న యాడ్ కూడా మీకే సరిపోతుంది. చరిత్ర పుస్తకానికి ఒడియాలో రెండు పేజీల సారాంశం చివర్లో వేస్తే ఇక్కడి కాలేజీల్లో కూడా అడుగుతారు.

ఆన్‌లైన్‌లో సీరియళ్ళు రాసి పాఠకుల్ని సంపాదించుకున్నవాళ్ళు. మీకు యాడ్‌లెందుకు? ఉన్న పాఠకులకే అచ్చుకి ముందు ఆర్డరు పెట్టే అవకాశం ఇవ్వండి, వచ్చిన డబ్బుతోనే అచ్చు వేయండి. లైకు కొట్టినవాళ్ళలో ఎంతమంది నిజంగా కొంటారో ఖర్చు లేకుండా తేలిపోతుంది.

పిల్లల పుస్తకాలు, తెలుగు నేర్పే పుస్తకాలు రాసేవాళ్ళు. మన వైపు నిజంగా కొనేవాళ్ళున్నది మీకే. అక్షరాలు రాని పిల్లలున్న ప్రతి తెలుగు ఇల్లూ మీ బజారే. తెలుగు బడులకి, సంఘాలకి నమూనా కాపీ పట్టుకుని స్వయంగా వెళ్ళండి, బస్సు చార్జీలే మీ ప్రచారం బడ్జెట్.

ఇక "నా దగ్గర అయిదు వేలున్నాయి, కథలో నవలో వేశాను, ఏం చేయను" అనేవాళ్ళకి: ముప్ఫై రివ్యూ కాపీల పోస్టేజీ, కవర్లు 1,050. గ్రంథాలయాలకి, తెలుగు బడులకి ఇరవై కాపీలు పంపడానికి 700. విజయవాడ రానూపోనూ స్లీపరు, రెండు రోజుల తిండి 2,500, దిగడానికి చుట్టాల ఇల్లు చూసుకోండి. క్యూఆర్ కోడ్ అట్ట, పేరు రాసిన చిన్న బోర్డు 300. మిగిలిన 450 అడ్రసు తప్పై తిరిగొచ్చిన కవర్లు మళ్ళీ పంపడానికి. తిరిగొస్తాయి, నాకు నలభైలో ఆరు వచ్చాయి.